బర్బాకి కొవ్వు పంపొద్దు

స్వార్తవీక్, ఫారో దీవులు
1986 మార్చి 3

మార్యున్ తల్లీ,

నువ్వు కొట్టుకి ఫోను చేసి, ఆపరేషను అయిపోయింది, బర్బా కళ్ళు తెరిచింది అన్నావు చూడు, ఆ తర్వాత ఏమన్నావో నాకు తెలీదు. నేను ఏడుస్తున్నాను, కొట్టు హెర్బోర్గ్ నాకంటే పైస్థాయిలో ఏడుస్తోంది, పంచదారకని వచ్చినవాళ్ళు కూడా అందుకున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నా. ఏడుస్తూ కూడా రాసుకోవచ్చు, కాయితం తడుస్తుంది, అంతే. తప్పులుంటే నువ్వే దిద్దుకో. నా చదువు నీకు తెలిసిందే, గొర్రెలు ఈనే రోజులొస్తే మా నాన్న బళ్ళోంచి లాక్కొచ్చేసేవాడు.

గుండెలోంచి వచ్చే పెద్ద రక్తనాళం ఇరుకైన చోట కోసి మళ్ళీ కలిపి కుట్టారన్నావు. ఏం దారంతో కుట్టారు? మంచిదేనా? నేను ఎంత బిగించి కుట్టిన స్వెటరంచు అయినా బర్బా చలికాలం దాటేలోగా విప్పేస్తుంది. ఆ పిల్ల సంగతి డాక్టరుకి ముందే చెప్పు. ఏడేళ్ళది కదా, చూడ్డానికి నెమ్మదిగా ఉందని మోసపోతాడు.

అక్కడ కిటికీలు మూస్తారా? దుప్పటి పలచగా ఉందా? డెన్మార్క్ వాళ్ళకి గాలంటే ఏమిటో తెలీదు.

రేపటి పడవకి ఒక పెట్టె పంపుతున్నా. గాలికి ఎండబెట్టిన గొర్రె తొడ ఒకటి, మన పులిసిన కొవ్వు రెండు ముద్దలు, వెన్న. జబ్బు చేసి లేచినవాళ్ళకి ముందు కొవ్వు పడాలి, అది పడితేనే రక్తం పడుతుంది. మీ నాన్నకి న్యుమోనియా తగ్గింది దాంతోనే. కొవ్వు కరిగించి బంగాళాదుంపల మీద పొయ్యి. డాక్టరుకి కూడా కాస్త పెట్టు, సన్నగా ఉంటాడని నా అనుమానం.

అల్లుడు హనుస్ చేపలు పట్టే ట్రాలరు ఇంకా గ్రీన్‌లాండ్ దగ్గరే ఉందట. మంచు ఎక్కువగా ఉందట. అది నీకు చెప్పకూడదనుకున్నా, రాసేశాను.

దిగులుతో,
మీ అమ్మ తూరి

*

కోపెన్‌హాగెన్, పిల్లల గుండె వార్డు
మార్చి 8

అమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది, పెట్టె ఇంకా రాలేదు. అది దారిలో ఎక్కడన్నా పోతే బావుండు. కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు.

ఆపరేషను బాగా జరిగింది. కుట్టు గట్టిదే, దారం పేరు డాక్టర్ క్వీస్ట్‌ని అడిగాను, చెప్పాడు, నాకు పలకడం రాలేదు. కానీ దాని తర్వాత ఒక చిక్కు వచ్చింది. మనం తిన్న కొవ్వు రక్తంలోకి వెళ్ళడానికి ఛాతీలో సన్నటి కాలవ ఒకటి ఉంటుందట, సేమ్యా అంత. ఆ రక్తనాళానికి పక్కనే. ఆపరేషనులో దానికెక్కడో చిల్లు పడింది. ఎవరి తప్పూ కాదట, అప్పుడప్పుడూ అవుతుందట. పిల్ల కొవ్వు తింటే చాలు, అది ఆ చిల్లులోంచి ఊపిరితిత్తి చుట్టూ చేరుతోంది, పాలలాగా. ఊపిరి ఆడక రొప్పింది. పక్కలోంచి గొట్టం వేసి ఆ పాలనీళ్ళు సీసాలోకి దించుతున్నారు.

మందేమిటంటే చుక్క కొవ్వు తినకూడదు. వెన్న, పాలు, మాంసం, ఏదీ వద్దు. కొవ్వు రాకపోతే ఆ కాలవ దానంతటదే మూసుకుంటుందట. మూసుకోకపోతే మళ్ళీ ఛాతీ తెరిచి కట్టేస్తారు.

ఇది మళ్ళీ ఫోను చేసి చెప్పలేదు. కొట్లో చెప్తే ఊరంతా నీకంటే ముందు ఏడుస్తుంది. ఇంకేం పంపకు. బతిమాలుతున్నా.

మార్యున్

*

స్వార్తవీక్
మార్చి 10

మార్యున్ తల్లీ,

నాలుగు రోజులుగా పొగమంచు. విమానం రాలేదు, ఉత్తరాలు రాలేదు, నా చేతులు నాకే కనిపించట్లేదు. నువ్వు రాయలేదంటే రాయడానికి ఏదో ఉందన్నమాట. పిల్ల సన్నబడిపోయిందా? నిజం చెప్పు. నిన్న కల్లో బర్బా కోడిపిల్లంత అయిపోయి నా జేబులో కూర్చుంది.

పెట్టె చాలలేదేమో. హెర్బోర్గ్ కూడా అదే అంది, "ఆపరేషనైన పిల్లకి రెండు ముద్దలా, తూరీ? మా కుక్కకే మూడు పెడతాను" అంది. నాకు సిగ్గేసింది. అందుకని ఇంకో పెట్టె కట్టా. ఈసారి తిమింగలం కొవ్వు కూడా వేశా, అన్నీ తెల్లవే, లావుగా కోసినవి. మీగడ సీసా కూడా. మూత మైనంతో అతికించా. పడవ సరంగు యోవ్ చేత ఒట్టు వేయించా, దాన్ని పక్కన పడుకోబెట్టుకుంటానన్నాడు. ఈ ఉత్తరం మాత్రం అతనికంటే ముందు బయల్దేరే పెద్ద ఓడలో వేస్తున్నా.

పిల్ల తిననంటే ముక్కు మూసి పెట్టు. చిన్నప్పుడు నీకలాగే పెట్టేదాన్ని.

మీ అమ్మ

*

కోపెన్‌హాగెన్
మార్చి 13

అమ్మా,

వద్దు వద్దు అని రాస్తే తిమింగలం పంపుతావా? ముక్కు మూసి పెట్టమంటావా? ఉత్తరాలు రాలేదంటావు, నువ్వసలు నా ఉత్తరాలు చదువుతున్నావా, పొయ్యి ముట్టించుకుంటున్నావా?

నీ మొదటి పెట్టె మొన్న వచ్చింది. లోనె అనే నర్సు దాన్ని తెలియక హీటరు పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి వార్డంతా ఆ వాసన. మనకి అది ఇంటి వాసన, వాళ్ళకి కాదు. మురుగ్గొట్టం పగిలిందనుకుని మరమ్మతుల మనిషిని పిలిచారు. అతను స్నానాల గదిలో నేల మొత్తం విప్పేశాడు. ఒక తల్లి ఎలక చచ్చిందంది, ఇంకొకావిడ ఎలక కాదు, పెద్దదేదో అంది. నేను నోరు మూసుకుని కూర్చున్నా. అప్పుడు బర్బా మంచం మీంచి లేచి కూర్చుని, "అమ్మమ్మ వచ్చింది!" అని అరిచింది.

నీకు నవ్వొస్తుంది. నాకు రాలేదు. అదంతా తనకే అనుకుంది పిల్ల. కుదరదంటే రెండు గంటలు ఏడ్చింది, ఏడ్చినకొద్దీ ఆ గొట్టం లాగి నొప్పి పెట్టింది. ఇదంతా ఎందుకొచ్చిందో ఆలోచించు.

ఆ సీసాకి బర్బా పాస్టరుగారని పేరు పెట్టింది. మెడ దగ్గర తెల్లటి నురగ చుట్టూ పట్టి, మన చర్చిలో ఆయన వేసుకునే మడతల కాలర్‌లా కనిపిస్తుంది. "పాస్టరుగారు ఇవాళ చాలా తాగారు" అంటుంది పొద్దున్నే. ఆయన ఎంత తక్కువ తాగితే మనం అంత తొందరగా ఇంటికొస్తాం. ఇంకా బాగానే తాగుతున్నారు.

మార్యున్

*

స్వార్తవీక్
మార్చి 17

నా తల్లీ,

పొగమంచు విడిచింది. శనివారం నీ రెండు ఉత్తరాలూ ఒకే పూట వచ్చాయి. కోప్పడ్డ ఉత్తరం ముందు విప్పా, చిక్కు గురించి రాసింది తర్వాత విప్పా. మొదటిది చదివినంతసేపూ నా కూతురికి పిచ్చెక్కిందనుకున్నా, రెండోది చదివాక నాకెక్కింది.

నేను పిల్లని చంపబోయాను కదా. హెర్బోర్గ్‌తో అంటే, "నువ్వు చంపలేదు తూరీ, నీ పెట్టెని ఎవరూ తెరవలేదుగా" అంది. దాని ఓదార్పు అలాగే ఉంటుంది.

ఇప్పుడు తొందరగా ఒకటి విను, అందుకే పరిగెత్తించి ఈ ఉత్తరం వేయిస్తున్నా. బర్బాకి నేనల్లిన ఊలు బనీను వేశావా? తీసెయ్! వెంటనే తీసెయ్! మనం ఊలుని శుభ్రంగా కడగం కదా, వాన ఆగాలని గొర్రె చమురు అందులోనే ఉంచి వడుకుతాం. ఆ చమురు కొవ్వే! వంటికి పట్టి లోపలికి పోతుంది. రాత్రంతా అది పిల్ల పక్కటెముకల మీద పారుతున్నట్టే అనిపించింది. మేజోళ్ళు కూడా తీసెయ్. టోపీ కూడా. నువ్వు ఊలు వేసుకుని పిల్లని ముట్టుకోకు.

పాస్టరుగారికి సీసా సంగతి చెప్పా. ఆయన నొచ్చుకోలేదు. ఆదివారం ప్రార్థనలో, "ప్రభువా, కోపెన్‌హాగెన్‌లో ఉన్న ఆ పాస్టరు త్వరగా ఎండిపోవాలి" అన్నాడు. వెనక వరసలో వాళ్ళకి సంగతి తెలీక, ఆయనకి బదిలీ అయిందనుకున్నారు.

నేనూ కొవ్వు మానేశా. పిల్ల తినే రోజుదాకా నేనూ తినను. అదేమన్నా పనిచేస్తుందని కాదు, నోట్లో పెట్టుకుంటే దిగట్లేదు. ఉత్త చేప ఉడకబెట్టుకు తింటున్నా. అప్పు తీర్చమని అడిగినట్టు చూస్తుంది నన్ను అది పళ్ళెంలోంచి.

రెండో పెట్టె వస్తే సముద్రంలో పారెయ్. పడవ సరంగు యోవ్ ఎంత జాగ్రత్తగా తెస్తాడో అని భయంగా ఉంది. ఎప్పుడూ లేనిది ఇప్పుడే మాట నిలబెట్టుకుంటాడు.

తప్పు చేసిన
మీ అమ్మ

*

కోపెన్‌హాగెన్
మార్చి 21

అమ్మా,

నాకెలా చెప్పాలో తెలీట్లేదు. నీ ఉత్తరం అందగానే నేను బనీను తీసేశా. ఇన్నాళ్ళూ నీ మాట వినని దాన్ని, ఇది విన్నా. బుర్ర పనిచేయట్లేదు నాకు. బర్బా, "అది అమ్మమ్మది! ఇవ్వు!" అని గోల. మేజోళ్ళు లాగుతుంటే డాక్టర్ క్వీస్ట్ వచ్చాడు. విషయం చెప్పా. ఆయన గంభీరంగా విని, "ఊలు తింటే తప్ప ప్రమాదం లేదమ్మా" అన్నాడు. కారిడార్లోకి వెళ్ళాక గోడ పట్టుకుని నవ్వాడని నర్సు లోనె చెప్పింది. బనీను మళ్ళీ వేశాం. ఇంకో సంగతి, నువ్వనుకున్నట్టే ఆయన చాలా సన్నగా ఉంటాడు.

నీ రెండో పెట్టె కూడా వచ్చింది. సరంగు యోవ్ ఓడరేవు నించి బస్సెక్కి స్వయంగా తెచ్చాడు, గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. కొవ్వు తీసుకోనంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాన్ని మరమ్మతుల మనిషికి ఇచ్చేశా. అతను తినలేదుట, అలా అని పారేయడానికీ భయపడుతున్నాడట.

నేనన్న మాటలకి ఏమనుకోకు. నీ మీద కాదు నా కోపం. ఎవరి మీదో తెలీదు.

ఇక్కడ సంగతి ఇది. బర్బాకి ఉడికించిన చేప, జామ్ రాసిన ఎండు రొట్టె, పంచదార నీళ్ళు, ఇంకేదో మందు నూనె. ఆ నూనె ఆ కాలవలోంచి పోదట, అందుకని ఇస్తారు. కొవ్వొత్తి నాకినట్టుంటుందంటుంది. చెంపలు పోయాయి. తన ముందు నేను ఏం తిన్నా నా నోటివైపే చూస్తుంది. అందుకని స్నానాల గదిలో తింటున్నా. నేనొక్కదాన్నే కాదు, ఓడెన్సె నించి వచ్చిన ఇంకో తల్లి ఉంది, వాళ్ళ బాబుకీ ఇదే చిక్కు. ఇద్దరం తలుపు గడియ వేసుకుని, నిలబడి, వెన్న రొట్టెలు దొంగల్లా తింటాం. నిన్న బయటికొస్తే బర్బా, "అమ్మా, ఇలా రా. ఊదు" అంది. ఊదాను. "వెన్న" అంది. అని అటు తిరిగి పడుకుంది. తిట్టినా బావుండేది.

రోజంతా ఆ సీసాకేసే చూస్తున్నా. ఈస్టర్ దాకా చూస్తారట. అప్పటికీ తగ్గకపోతే మళ్ళీ ఆపరేషను. ఈ మాట బర్బాకి చెప్పలేదు. హనుస్‌కీ చెప్పలేదు, రేడియో మాటలు ఎవరెవరో వింటారు.

మార్యున్

*

స్వార్తవీక్
మార్చి 26

తల్లీ,

హనుస్‌కి చెప్పలేదన్నావు. నేను చెప్పేశా. నీ ఉత్తరం రాకముందే. అల్లుడికి తెలియాలి కదా అని రేవులో రేడియో దగ్గరికెళ్ళా. మైకంటే నాకు భయం. "హనుస్, బాబూ, పిల్లకి కొవ్వు తగలకూడదు! చుక్క కొవ్వు ముట్టకండి! ప్రాణం పోతుంది!" అని అరిచి పారిపోయొచ్చా. గ్రీన్‌లాండ్ చుట్టుపక్కలున్న ట్రాలర్లన్నీ వింటాయని నాకు ఎవరు చెప్పారు? ఇప్పుడు ఏ ఓడలోనూ ఎవరూ వెన్న ముట్టట్లేదట. ఏదో కల్తీ వెన్న వచ్చిందని, మనుషులు పోతున్నారని అనుకుంటున్నారట. మన ఓడ వంటమనిషి నా పేరు కనుక్కుంటున్నాడట.

హనుస్ మాత్రం అర్థం చేసుకున్నాడు. తిరిగి మాట్లాడాడు. "అత్తా, పిల్ల నవ్వుతోందా?" అనడిగాడు. నేను నవ్వుతోందన్నా. కాసేపు వట్టి గరగర శబ్దమే వచ్చింది. రేడియోనో, అతనో.

నిన్న మా అల్లికల వాళ్ళం మా ఇంట్లో కలిశాం. ఎవరింట్లో కలిస్తే వాళ్ళే కేకు పెట్టాలి కదా. వెన్న లేకుండా, గుడ్డు పచ్చసొన లేకుండా చేశా. పిల్ల ఇంటికొచ్చాక ఏం పెట్టాలో ఇప్పటినుంచే చేతికి అలవాటు చేసుకోవాలి కదా అని. హెర్బోర్గ్ ఒక ముక్క కొరికి, "ఇది దేనితో చేశావు తూరీ, గోడతోనా?" అంది. కానీ అందరూ తిన్నారు. ఒక్కరూ వదల్లేదు. కాఫీలో ముంచి, నాన్చి, చప్పరించి, నమిలి తిన్నారు. వెళ్ళేటప్పుడు హెర్బోర్గ్ గుమ్మంలో ఆగి, "పిల్ల రోజూ ఇదే తింటోందా?" అంది. తింటోందన్నా. అది వంగి బూట్లు తొడుక్కుంది. ఎడమది కుడికాలికి.

నువ్వు స్నానాల గదిలో తింటున్నావని చదివా. తిను. అక్కడే తిను, గడియ వేసుకుని తిను, కానీ మానకు. నువ్వు పడిపోతే పిల్ల ఎవరిని ఊదమంటుంది?

నీ అమ్మ

*

కోపెన్‌హాగెన్
మార్చి 30, ఈస్టర్

అమ్మా,

తగ్గుతోంది! ఈ వారం రోజుకి రోజు తగ్గింది. నిన్న సీసా అడుగున గుక్కెడు కూడా లేవు, అవి కూడా తెల్లగా లేవు, గడ్డి రంగు నీళ్ళు. డాక్టర్ క్వీస్ట్ సీసాని వెలుతురుకి పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, సారా కొట్టువాడిలాగా.

కానీ అమ్మా, గొట్టం తీసేముందు ఒక పరీక్ష ఉంది. ఎల్లుండి బర్బాకి ఒక కప్పు మీగడ ఇస్తారు. కావాలనే. తాగాక సీసాలోకి నీళ్ళే వస్తే కాలవ మూసుకున్నట్టు, గొట్టం తీసేస్తారు. తెల్లగా వస్తే మూసుకోనట్టు. అప్పుడు ఇక ఆగరట, ఆ వారంలోనే ఆపరేషను.

బర్బాకి చెప్పాం. గంతులేస్తుందనుకున్నా. "నేను తాగను" అంది. ఎందుకే అంటే, "తెల్లగా వస్తే నువ్వు ఏడుస్తావు" అంది.

నాకు అన్నీ తెలిసిపోతున్నాయి అనుకున్నా ఇన్నాళ్ళూ, తెలిసేది దానికి. ఏం చెయ్యాలో చెప్పమ్మా. ఈ ఉత్తరం అందేసరికి అయిపోయుంటుందని తెలుసు. అయినా అడుగుతున్నా.

మార్యున్

*

స్వార్తవీక్
ఏప్రిల్ 2

మార్యున్ తల్లీ,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదివీ చదవగానే, "ఇవ్వొద్దు! మీగడ ఇవ్వొద్దు!" అని వంటింట్లో నిలబడి గోడతో అరిచా. ఎవరు, నేను! రెండు పెట్టెల కొవ్వు కట్టి పంపినదాన్ని! ఎల్లుండి అని నువ్వు రాసింది నిన్నటి రోజే. అప్పుడు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కొట్టుకి పరిగెత్తా. హెర్బోర్గ్ నా మొహం చూసి, గల్లాపెట్టి తెరిచినది తెరిచినట్టే వదిలి, వార్డుకి తనే ఫోను కలిపింది. ఎంతసేపు మోగిందో. కొట్లో ఉన్నవాళ్ళు ఎవరూ కదలరు, ఒకావిడ ఉల్లిపాయ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

నువ్వు తీశావు. ఏమన్నావో గుర్తుందా? "నీళ్ళేనమ్మా" అన్నావు. అంతే. నేను ఏడవలేదు, విన్నావుగా. వెనక్కి జరిగి బంగాళాదుంపల బస్తా మీద కూర్చున్నా. హెర్బోర్గ్ ఫోను లాక్కుని, "నీళ్ళా? వట్టి నీళ్ళా? సరిగ్గా చూశారా?" అని నిన్ను కేకలేసింది. నువ్వు తిట్టావట దాన్ని. సంతోషించింది.

పిల్ల చేత ఎలా తాగించావో కూడా దానితోనే చెప్పావు, నాకు చెప్పలేదు. దానితో చెప్తే నాకు చెప్పినట్టే అనుకో, ఊరంతటికీ చెప్పినట్టే. నువ్వూ ఒక కప్పు తెచ్చుకుని బర్బా మంచం మీద కూర్చున్నావట, తలుపు బార్లా తీసి. "ఏం వచ్చినా సరే, ఏడిస్తే ఇద్దరం కలిసి ఏడుద్దాం" అన్నావట. బర్బా నీ కప్పుకేసి చూసి, తన కప్పుకేసి చూసి, "నాది ఎక్కువుంది" అని తాగేసిందట. అంత మాట నాకు తట్టేది కాదు. నేనైతే ముక్కు మూసేదాన్ని.

గొట్టం తీసిన చోట కట్టు తడవనీకు. ఇంకో నెల కొవ్వు జాగ్రత్త అన్నారట డాక్టరు, నా కేకుంది, గోడలాగే ఉంటుంది, రోజులు రోజులు నిలవుంటుంది. శుక్రవారం విమానానికి వస్తున్నారని విన్నా. మన దిగేచోటు నీకు తెలుసు కదా, ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు. గాలి వేస్తుంది. ఆ పైలట్ రాత్రి సరిగ్గా నిద్రపోయాడో లేదో. తాగే అలవాటుందేమో కనుక్కో. పిల్లకి చెవి నొప్పి రాకుండా ఏదైనా చప్పరించమను. కిటికీ పక్కన కూర్చోనివ్వకు, చలి. నడవాలో కూర్చోనివ్వకు, ఎవరన్నా కాలు తొక్కుతారు.

ఇదంతా రాస్తూంటే ఏదో హాయిగా ఉంది నాకు. విమానం, గాలి, చెవినొప్పి. నెలరోజులై ఇలాంటి మామూలు దిగులు పడలేదు నేను. శుక్రవారం దాకా పడతాను, కడుపునిండా.

దీనికి జవాబు రాయకు. వచ్చెయ్యండి.

మీ అమ్మ తూరి